పుల్లల కట్ట

థాక్స్‌టర్ గారి కొట్లో పద్దులు రాసేవాణ్ణి నేను,
ముప్ఫై ఒక్కేళ్ళు.
మసాచుసెట్స్‌లో మా ఊరికి తెల్లారితే తోలు వాసన,
పొద్దుగూకినా తోలు వాసన.
చర్చిలో ప్రార్థన పుస్తకం తెరిచినా అదే.

దక్షిణాది తోటల నుంచి ఓడల్లో ఆర్డర్లు వచ్చేవి,
ఉత్తరంతో పాటు ఓ పుల్లల కట్ట.
ఒక్కో పుల్ల ఒక్కో పాదం పొడవు.
పేరుండదు. మడమ వైపు ఒక గాటు, అంతే.
జానెడు కూడా లేని పుల్లలుండేవి కొన్ని.
వాటిని చూసి నేనేమీ అనుకోలేదు.
అబద్ధమెందుకు,
డజను ధర కట్టి ఆవర్జాలోకి ఎక్కించాను.

బిరుసు తోలు, మేకుల అడుగు,
కుడీ ఎడమా తేడా లేని జోళ్ళు,
ఏ కాలికైనా ఒకటే నొప్పి.
లోపల మడమ దగ్గర మా ముద్ర:
ఎ. థాక్స్‌టర్ అండ్ కంపెనీ.

యాభై ఒకటి, ఫిబ్రవరి.
మోకాలి లోతు మంచు.
గిడ్డంగి వెనక తలుపు తట్టిందొకామె.
పేరు డోర్కస్ అంది, మరేమీ చెప్పలేదు.
కాలికి గడ్డకట్టుకుపోయిన జోడు
యజమాని తనే వంగి విప్పబోయాడు.
రాలేదు. కత్తితో కోశాం.
దీపం దగ్గరికి తెస్తే కనిపించింది
లోపల, నెత్తుట్లో నానిన పేరు.
ఆయన పేరు.

తెల్లారి నాతో అన్నాడు:
"చార్ల్‌స్టన్ ఖాతా మూసెయ్యి, ఒబడయా."
"మూస్తే మిగిలేది మూడో వంతండీ."
"మూడో వంతే రాయి."

నలభై ఇద్దరు కుట్టుపనివాళ్ళు రోడ్డున పడ్డారు.
అందులో మా బావ ఒకడు,
రెండేళ్ళు నాతో మాటల్లేవు.
కొట్టు అద్దాలు పగిలాయి, బ్యాంకు మొహం చాటేసింది.
ఈయనేమో తోలు కొలిచిన చేత్తోనే
బల్ల గుద్ది మాట్లాడ్డం నేర్చుకున్నాడు.
మొదట్లో నత్తి. 'బానిస' అన్న మాట దగ్గరే
నాలుక మడతపడేది.
రెండుసార్లు ఓడి, మూడోసారి
రాష్ట్ర సెనేట్‌లో కూర్చున్నాడు.
అక్కడ బేరాలు కొట్లో కంటే ఎక్కువ,
కొన్నిటికి తల ఊపి వచ్చి
రాత్రి భోజనం మానేసేవాడు.

యుద్ధం ముగిసిన మరుసటేడు
టౌన్ హాల్లో ఎన్నికల సభ.
కెనడా నుంచి తిరిగొచ్చిన డోర్కస్
వెనక బెంచీలోంచి లేచింది, కాస్త కుంటుతూ.
"ఖాతా మూశారు, మంచిదే.
మూయకముందు వచ్చిన లాభం ఎటుపోయింది, సెనేటర్ గారూ?
ఈ హాలు కప్పులో ఉందా?"

ఆయన పైకి చూశాడు,
దూలం పొడవు కొలుస్తున్నట్టు చాలాసేపు.
"ఉంది," అన్నాడు.
ఆ ఒక్క మాటకి రెండొందల ఓట్లు పోయాయంటారు ఊళ్ళో.
నూట నలభయ్యే. నేను లెక్కపెట్టాను.

ఆయన పోయాక బల్ల సొరుగు తీశాను.
పతకాల్లేవు. తాడుతో కట్టిన పుల్లలు, తొంభై ఆరు.
చివరి పదేళ్ళూ ఆ తోటలున్న ఊళ్ళకి
ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడట, ఈ కాళ్ళెవరివని.
నాలుగు పుల్లల మీద పెన్సిల్‌తో పేర్లున్నాయి.
ఒకదాని మీద పేరు రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే పేరు రాశాడు.
అన్నిటికంటే పొట్టిదాని మీద ఏమీ లేదు.

కట్ట ఇంటికి తెచ్చుకున్నాను.
ఆ రాత్రి చలి ఎక్కువ.
పొయ్యి రాజెయ్యాలి, ఎండు పుల్లలేమైనా ఉన్నాయా
అని మా కోడలు అడిగింది.
లేవన్నాను.