ఎటు తిరిగినా గొర్రె గొర్రే

మంగళవారం, నాలుగున్నర.
డండీలో నా వంటింటి బల్ల మీద
ఓస్లా వెలుగుతుంది.
ముందు నుదురు, తర్వాత ఊడిన పంటి సందు,
వెనక చెదిరిన మంచం, దానిపైన కిటికీ,
కిటికీలో యెల్ దీవి సముద్రం
సీసం రంగులో.

"ఈవేళ గాలి ఉంది," అంటుంది.
అంటే, ఏ క్షణాన్నయినా తెగిపోతానని.
అంటే, తెగిపోతే బాగుణ్ణని కూడా.

తొమ్మిదేళ్లు.
బళ్లో ఎవరో దీన్ని బద్ధకమన్నారట.
ఆ ఒక్క మాటా తడబడకుండా
మొదటి రోజే నాకు అప్పజెప్పింది.

మేం కథల పుస్తకం జోలికి పోం.
పళ్లెంలో పరిచిన పిండిలో వేలితో
బి రాస్తుంది, 'బ' అని పైకి అంటూ.
డి రాస్తుంది, 'డ' అంటూ.
చెరుపుతుంది. మళ్లీ.
ముక్కుకి పిండి, మోచేతికి పిండి.
ఒకసారి వాళ్ల కుక్క వచ్చి
సగం అక్షరం నాకేసింది.
ఆ రోజు పాఠమంతా నవ్వే.

మూడో వారమో నాలుగో వారమో అడిగింది:
"మాకు అరవై మూడు గొర్రెలు.
అన్నీ నాకు ముఖాలతో తెలుసు.
ఫ్లెకీ ఎడమకి తిరిగినా ఫ్లెకీయే,
కుడికి తిరిగినా ఫ్లెకీయే.
మరి ఈ గీతా పొట్టా మాత్రం
ఇటు తిరిగితే ఒకరు, అటు తిరిగితే ఇంకొకరు
ఎందుకవుతారు?"

ముప్ఫై ఒక్క ఏళ్లుగా చెబుతున్నాను పాఠాలు.
జవాబు లేదు నా దగ్గర.
కప్పు ఎటు తిప్పినా కప్పే,
కత్తెర ఎటు తిప్పినా కత్తెరే.
పుట్టిననాటి నుంచి కళ్లు కూడబెట్టుకున్న ఈ తెలివిని
ఒక్క కాగితం ముందు మరిచిపొమ్మంటాం.
మరవలేనివాళ్లని
వెనక బెంచీకి పంపిస్తాం.

"అక్షరాలకి గొర్రెలకున్నపాటి బుద్ధి లేదులే," అన్నాను.
ఎప్పటినుంచో తనకు తెలిసిన సంగతే
నేను ఆలస్యంగా కనుక్కున్నట్టు
తలూపింది.

ఈవేళ వాక్యం:
పెద్ద కుక్క మంచం కింద దాక్కుంది.
మీకు ఇందులో ఏమీ కనిపించదు.
దాని ఇంగ్లీషు నిండా బి లూ డి లూ
ఎదురెదురుగా నిలబడ్డ పొట్టేళ్లే.
కావాలనే ఎంచాను. కొంచెం పాపమే.

చదవాల్సిన వరస మీద వేలు పెట్టింది.
కూడబలుక్కుంటోంది.
పెదవులు కలిశాయి, విడబోయాయి,
అక్కడే ఆగిపోయింది బొమ్మ.

సగం తెరిచిన నోరు.
రెప్ప వాలీ వాలని కన్ను.
ఏ స్తంభం ఊగిందో అక్కడ, ఏ తీగ జారిందో.

పిల్లలు తడబడితే పన్నెండు క్షణాలు ఆగాలి,
అందించకూడదు: ఇది నా నియమం.
ఇవాళ గాలి నన్ను ఆపింది నాలుగు నిమిషాలు.
టీ చల్లారింది.
ఆగిన ఆ నోటిని చూస్తూ
నా పెదాలే కదులుతున్నాయని
ఆలస్యంగా తెలిసింది.

తిరిగొచ్చింది.
చెవులు ఎర్రగా, నోరు బిగించి.
"చదివేశాను."
"అంతానా?"
"అంతా. మీరు వినలేదా?"

మళ్లీ చదువు, అనే మాట
నాలుక చివరిదాకా వచ్చింది.
నా నోటుబుక్కులో గడులున్నాయి:
ఎన్ని పదాలు, ఎన్ని తప్పులు.
నేను చూడని వానని
ఏ గడిలో కొలవను?

"మరి ఎవరు విన్నారు?"
"కుక్క."
"ఏదీ, ఎక్కడుంది?"
వెనక్కి చూడలేదు. తడుముకోలేదు.
"మంచం కింద," అంది,
ఊడిన పంటి సందులోంచి నవ్వు జారుతుండగా.

ఆ వాక్యానికి అర్థం నేనింకా చెప్పలేదు.

తప్పుల గడి ఖాళీగా వదిలేశాను.
పక్కన, గీత దాటి, రాసుకున్నాను: గాలి.

"తర్వాతది," అంది ఓస్లా,
పిండి పళ్లెం అవతలికి నెట్టేస్తూ.
తర్వాతదాంట్లో మూడు డి లు ఉన్నాయి.
చెప్పలేదు.