ఒక్క నక్షత్రం

మింట్ వీధి మలుపులో మా బూరుగుదూది పరుపుల కొట్టు.
"వీధిలో ఎవరు చూస్తారత్తా, ఫోన్లో పెడదాం" అన్నాడు హేమాద్రి.
రోజుకి ఐదొందలు.

మొదటి వారం
నాలుగు వేల వేళ్లు మా పరుపును తాకాయి.
ఒక్క వీపూ ఆనలేదు.

భటిండా నుంచి ఒకాయన హాయ్ అన్నాడు.
నేనూ హాయ్ అన్నాను.
అంతే బేరం.

దీపావళికి కొట్టు మూశాం,
ప్రకటన మూయడం మరిచాం.
పందికొక్కులా చప్పుడు లేకుండా
కార్డుని ఆరు రోజులు కొరికింది.

తర్వాత ఎవరో ఒక్క నక్షత్రం పడేసి పోయారు:
"నెలకే స్ప్రింగులు విరిగాయి."
మా పరుపుల్లో స్ప్రింగులెక్కడివి నాయనా!
తెలుగులో రాశాను, అరవంలో రాశాను,
హేమాద్రి చేత ఇంగ్లీషులో రాయించాను.
నక్షత్రం కదల్లేదు.

నిన్న ఒకామె గొడుగు ముడుస్తూ లోపలికొచ్చింది.
"ఫోన్లో చూశారా?" అన్నాను, ఆశ చావక.
"లేదమ్మా, బస్సు రాలేదు."
నిలబడి నిలబడి
దూది నొక్కి చూసి, నొక్కి చూసి
దిండొకటి కొంది.

హేమాద్రి గీసిచ్చిన పుస్తకంలో
'ఎలా తెలిసి వచ్చారు' అని ఒక గడి ఉంది.
వాన, అని రాశాను.