ఎరవు తీగ

మొదట ఫ్రిజ్ చెప్పింది.
తడిచేత్తో తలుపు తియ్యబోతే
వేళ్ల చివర జుమ్మని.
దెబ్బ కాదు,
దెబ్బకి ముందు గొంతు సవరించుకోవడం.

బర్న్‌లీలో వాన పడని రోజు వెతుక్కోవాలి.
నూలు మిల్లు కూలీల కోసం ఎప్పుడో కట్టిన వరస ఇళ్లు,
ఒక్కోదాన్నీ అడ్డంగా కోసి రెండు వాటాలు చేశారు.
పై వాటా నాది.
కింద ఈనిడ్ థ్రెల్‌ఫాల్, ఆమె రేడియో, ఆమె దగ్గు.

నాకున్న ఖరీదైన ప్రాణి ఒక్కటే, ఎంబ్రాయిడరీ మిషను.
పదహారు వాయిదాల్లో పదకొండు కట్టాను.
పెళ్లిళ్ల రోజుల్లో ప్రెస్టన్ నుంచి కూడా జాకెట్లొస్తాయి.
వీపు మీద నెమళ్లు, చేతుల మీద మామిడి పిందెలు,
అన్నీ దాని చిన్న మెదడులోనే కాపురం.
కరెంటు ఒక్కసారి తూలితే చాలు,
నెమలి అన్నది మిగలదు.

అందుకని రాత్రి పడుకోబోయే ముందు
ప్లగ్గులన్నీ పీకేస్తాను,
మిషను, కుక్కరు, రౌటరు,
ఒంటిమీద నగలు ఒక్కోటే తీసి డబ్బాలో పెట్టుకున్నట్టు.
ఫ్రిజ్‌ని వదిలేస్తాను, పెరుగు కోసం.

"సర్టిఫికెట్ ఉంది కదా" అన్నాడు ఇంటి ఏజెంటు.
ఉంది. సంతకం ఉంది. తేదీ ఉంది.
ఆ తేదీన నేను ఇంట్లోనే ఉన్నాను,
పొద్దుణ్నుంచీ హెమ్మింగు చేస్తూ.
ఒక్క పురుగు గుమ్మం తొక్కలేదు.
"పోనీ, సర్జ్ ప్రొటెక్టర్ కొనుక్కోండి."
కొన్నాను. ఇరవై రెండు పౌన్లు.
పెట్టగానే ఎర్ర దీపం వెలిగించి ఎర్త్ లేదంది.
మూడు కాళ్ల ప్లగ్గులో పొడుగు కాలు
గోడలోకి దిగి, దేని మీదా ఆనకుండా నిలబడింది.
దొంగని పట్టుకుని
ఎటు తొయ్యాలో తెలియని కాపలావాడు.

మెయిన్ ఆపేసి బోర్డు విప్పాను.
తప్పే, అద్దె కాగితంలో పదిహేడో షరతు.
కానీ తప్పు కుట్టు కనపడితే ఊరుకునే చేతులు కావివి.
లోపల ఎరుపూ నలుపూ, పాతకాలపు రంగులు.
తొడుగు పెళుసెక్కి
గోరు తగిలితే అటుకుల్లా రాలింది.
పసుపూ పచ్చా చారల తీగ ఉండాల్సిన చోట
గోడే.

ఇంతియాజ్ వచ్చాడు, ఎలక్ట్రీషియను.
వాళ్ల చెల్లెలి లెహెంగా అంచు నేనే కుట్టాను,
డబ్బు మాటెత్తితే చెవులు మూసుకున్నాడు.
మెట్ల దీపం దగ్గర చాలాసేపు ఆగాడు.
"నీ కరెంటు వెళ్లడం నీ తీగలోనే.
తిరిగి రావడం మాత్రం కింది ఇంటి తీగలో.
ఆవిడ మెయిన్ ఆపేసి, ఇక ప్రాణం లేదనుకున్న తీగని
ఎవడైనా విప్పితే
అందులో నువ్వుంటావు."

ఎరవు సొమ్ము బరువు చేటంటారు.
పుచ్చుకున్నట్టు నాకు తెలీదు,
ఇచ్చినట్టు ఆమెకి తెలీదు.

నేను కెటిల్ పెట్టినప్పుడల్లా
తన రేడియో గరగరమంటుందని ఈనిడ్ అంటే
ముసలితనం అనుకున్నానే, సిగ్గేసింది.
మిల్లులో పాతికేళ్లు చేసిందట.
ఒక్క పోగు తెగితే మగ్గం మొత్తం ఆపేవాళ్లట.
"దీనికి ఆపేవాడే లేడా?" అంది,
కౌన్సిలుకి రాసిన ఉత్తరం మీద
నా సంతకం కింద తన సంతకం పెడుతూ.
ఆమె కూడా రాత్రిళ్లు ప్లగ్గులు పీకేస్తుందట,
పదకొండేళ్లుగా.

పది గంటలకి చెవి ఒగ్గడం అలవాటైంది.
కింద నుంచి టక్, టక్, టక్, టక్. నాలుగు.
తర్వాత నావి మూడు.
ఉత్తరానికింకా జవాబు లేదు.

నిన్న రాత్రి మూడే వినిపించాయి.
కాసేపు చూసి మెట్లు దిగాను.
హీటరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది ఈనిడ్.
"ఇది రావట్లేదు, వేళ్లు పట్టు చిక్కడం లేదు" అంది.
నేను పీకాను.
ప్లగ్గు ఇంకా వెచ్చగా ఉంది.