జంప్

ముప్పై ఏండ్లాయె నేను రాయవట్టి.
హాలియా ఠాణల రైటర్ని.
తాగినోడు "ఆడు నన్ను ఏసిండు" అంటే
"సదరు వ్యక్తి చేతులతో కొట్టినాడు" అని,
కోడలు "మా అత్త సతాయిస్తది" అంటే
"మానసికంగా వేధించుచున్నది" అని,
మాటలకు లాగు తొడిగి, అంగి టక్కు చేసి
కోర్టుకు తోలిచ్చేటోణ్ణి.

ఆ రాత్రి సైదులు వచ్చిండు.
రైసుమిల్లు హమాలి. మెడల తువ్వాల, తువ్వాలల తౌడు.
ఇంటరు ఫలితాలొచ్చిన దినం.
కొడుకు విఘ్నేశ్ ఇంట్ల లేడు,
కొడుకు ఫోను మంచం మీదుంది.
"జర సదువు సారూ. నాకు అక్షరాలు రావు.
వచ్చినా ఇవి సమజ్ కావంటది మా చిన్నపిల్ల."

అద్దాలు పెట్టుకున్న.
"రిజల్ట్ బొక్క మామా."
సైదులు ఉలిక్కిపడ్డడు:
"ఏ మామకు? నిడమనూర్ల నా బామ్మర్దిని అడిగితే
నాకేం దెల్వదన్నడే!"

నల్లగొండ హాస్టల్ల ఉన్న నా బిడ్డను లేపిన.
రాత్రి పదకొండున్నర.
"మామంటే దోస్తు నాన్నా.
సొంత మామను ఎవరు మామంటున్నరు, అంకులంటున్నరు."
"బొక్క?"
"ఎముక కాదు. వస్తదనుకున్నది రాలే. అంతే."
"ఆ దోస్తు లైట్ తీస్కో అన్నడు."
"మనసుల పెట్టుకోకు అని."
లైట్ తీస్కో, లైట్ తీస్కో —
సైదులు పెదవులతోటి రెండుసార్లు అనుకుండు,
మందుచిట్టీ పేరు యాది పెట్టుకున్నట్టు.

"మొన్న మంగళారం సచ్చిపోయిన రా అని రాసిండు."
"కింద ఏమున్నది?"
"కోతి బొమ్మ."
"అయితే నవ్వలేక సచ్చిండు. అట్ల మేం దినాం సస్తం."
ఆ మాట నా టేబుల్ మీద కొద్దిసేపు కూసున్నది.

"మా నాయిన ఖతం చేస్తడు" అని ఇంకోతాన ఉన్నది.
అది సైదులుకు సదివి ఇనిపియ్యలే.
దాని అర్థం ఎవ్వరినీ అడగలే.

ఆఖరుది, ఏడు గంటల పది నిమిషాలకు:
"నేను జంప్."
బొమ్మ లేదు.

ఠాణకు ఫర్లాంగు దూరంల ఎడమ కాల్వ.
తాగునీళ్లకని ఇడిసిన్రు, నిండ పారుతుంది.

"జంపంటే పారిపోవుడు నాన్నా.
క్లాసు జంపు, హాస్టలు జంపు, చలాను రాసేటోన్ని జూసి జంపు."
"ఎప్పటికీ అదేనా?"
అటుదిక్కు ఫ్యాను సప్పుడు.
"చానా మట్టుకు."

ఇద్దరు కానిస్టేబుళ్లు కట్ట మీద కింది దిక్కు పోయిన్రు.
సైదులు నా టార్చి పట్టుకోని పై దిక్కు.
నేను కాయితం మీద "అదృశ్యం" అని రాసి
కారణం కాడ ఆగిన.
దుమికినాడు అని రాయొచ్చు.
పారిపోయినాడు అని రాయొచ్చు.
రెండూ తప్పులేని తెలుగే.
ఆ పొల్లగాని ముక్క ఒక్కటే
రెండింటి నడుమ కాలు లేపి నిలవడ్డది.
నా మాటలన్నిటికీ టక్కు చేసినోణ్ణి,
దీనికి లాగు యాడ దొరుకుతది?

నాలుగు దాటినంక దేవరకొండ ఠాణ నుంచి ఫోను.
"మీ పిలగాడు ఈడున్నడు.
బస్టాండుల మూడు చాయలు తాగి పైసల్లేవన్నడట."

తెల్లారి మొదటి బస్సుకు తోలిచ్చిన్రు.
ఏపచెట్టు కింద తల ఒంచుకోని నిలవడ్డడు,
మీసం ఇంకా పూర్తిగ రాలే.
"గట్లెందుకు రాసినవ్ రా?"
"ఊకెనే సార్."

కట్ట దిగి సైదులు వచ్చిండు.
మోకాళ్ల దాక బురద,
ఎండపొద్దుల చేతిల టార్చి ఎలుగుతనే ఉంది.
తిట్టలే. దగ్గరికి తియ్యలే.
చెయ్యి చాపి
"లైట్ తీస్కో" అన్నడు.

రాత్రి నా పక్కన కూసోని నేర్చుకున్న మాటనో,
చెయ్యి గుంజుతుంది, టార్చి పట్టుకొమ్మన్నడో,
నేను అడగలే, రాసుకోలే.

పొల్లగాడు తీస్కుండు.
బటను యాడుందో దొరకక
రెండు చేతులతోటి ఎతుకుతుండు.