సాకిన్

తహసీల్ ఆఫీసుల నా కుర్చీ కిటికీ పక్కన.
దినాం నలభై సర్టిఫికెట్లు కొడ్త,
స్వస్థలం అన్న గడిల
మందికి ఊర్లు నింపుత.

మా ఇంటిపేరు ఏటవతల.
ఏ ఏరో
ఎవ్వల్నడిగినా చెప్పరు.

మా నాయనమ్మ ఆశమ్మ లెక్కల
ఆయన పుట్టిల దిగిండు,
సారెను బోర్లించి నెత్తిన పెట్టుకొని,
వానకు గొడుగోలె.
కరువు సాలంటది.
కరువుల వాన ఎట్లొచ్చిందే అంటే
బియ్యంల రాళ్లేరుకుంట
ఇనవడనట్లే ఉంటది.

పెదనాయిన లెక్క వేరే.
దొర గాడిదను కొట్టి సంపి
రాత్రికి రాత్రి పారిపోయొచ్చిండని.
ఈ మాట సెప్పేటప్పుడు
ఆయన మీసం కొంచెం లేస్తది.

మూడేండ్లకోపారి పటం మోసుకొచ్చే కథలాయన
ధర్మాత్ముడు.
మానెడు జొన్నలు పోస్తే అలంపురం నుంచొచ్చిండు,
మేకపోతునిస్తే ఏకంగా కాశీ నుంచి.
మొన్న ఐదువందల నోటు పెట్టిన,
ఆకాశం దిక్కు చూసిండు.

వనపర్తి రికార్డు రూంల
పదమూడువందల ఇరవైరెండు ఫసలీ బస్తా విప్పితే
దుమ్ము ముందుగాల లేచి సలాం చేసింది.
గిర్దావర్ పని చేసి దిగిన షుజాతలీ సాబు
భూతద్దం తుడుసుకొని
కుడినుంచి ఎడమకు నడిచిండు, వేలితోని:
కుమ్మరి. ఇనాం రెండు గుంటలు. పేరు...
ఆగిండు.
నుక్తా చెరిగింది బిడ్డా.
కింద ఒక్క చుక్క పెడితే బాగయ్య,
అదే పైన పెడితే నాగయ్య.
పైన రెండు పెడితే? అన్న.
తాగయ్య, అని నవ్విండు సాబు.
ఇంటికొచ్చి చెప్తే మా నాయిన
గదే అయ్యుంటది పో, అన్నడు.

పేరు పక్కన సాకిన్ అని రాసుంది.
సాకిన్ అంటే ఫలానా ఊరోడని.
ఆ ఫలానా కాడ
సరిగ్గ ఆ ఫలానా కాడనే
చెద తిన్న బొక్క.
నా చిటికెనేలు పట్టింది అందుల.
అవతలి పేజీల ఎవరిదో శిస్తు తగిలింది.

ఒక్కటే మిగిలింది నాకు.
మా కుండకు మెడ కింద
గోటితోని మూడు గాట్లు పెడ్తరు.
ఎందుకే అంటే, పెడ్తం, అంటరు.
ఈ పక్క ఊర్లల్ల ఎవ్వలు పెట్టరు.

అందుకే సెలవు దొరికితే సంతల పొంటి తిరిగిన.
కుండను కొట్టి చూసేటోళ్ల నడుమ
మెడ తడిమి చూసే పిచ్చిదాన్నయిన.
మక్తల్ల లేవు. గద్వాలల రెండే గాట్లు.
సోమశిల కాడ పడవెక్కి దాటి
అవతలి ఒడ్డు సంతల
ఒక ముసలామె ముంగట కూసున్న.
పేరు సుంకులమ్మ. చేతులకు మన్ను పగుళ్లు.
కుండెత్తితే
బొటనేలికి తగిలినయ్
ఒకటి. రెండు. మూడు.

గొంతు పెగల్లేదు కాసేపు.
మీ పెద్దలు ఏడోళ్లమ్మా, అన్న.
ఆమె గడ్డమెత్తి
నేను దిగొచ్చిన పడవ దిక్కు చూపెట్టింది.
మేమా, ఏటవతల నుంచొచ్చినోళ్లమంట.
మా తాత తాత సారె నెత్తిన పెట్టుకొని
పుట్టిల దిగిండంట.

నడుమ నీళ్లున్నయ్.
నీళ్ల కింద ఊర్లున్నయ్, డ్యాంల మునిగినయి.
ఎండకాలం నీళ్లు తగ్గితే
పెంకులు బయటపడతయంట,
పిల్లలు ఏరి నీళ్ల మీద ఎగరేస్తరంట.
నేను ఇంకేం అడగలే.
బేరం కూడ ఆడలే.

కొల్లాపూర్ బస్సుల ఒళ్లె కుండ.
కండక్టరొచ్చి, ఎక్కడెక్కినవమ్మా, అన్నడు.
నోరు తెరిసిన.
ఇంటిపేరు నోటిదాంక వచ్చి ఆగింది.
ఆయన టిక్కెట్ల మిషిన్ మీద వేలు పెట్టి
ఎదురు చూస్తున్నడు.