వేబిల్లులో రాయనిది

నాగపూర్‌ల నైట్ హాల్ట్ పడితే
తెల్లారి తొమ్మిదింటికి జూ గేటు కాడ ఉంట.
ఖాకీ విప్పను. టికెట్ మాత్రం కొంట.
టికెట్ లేకుండ ఎక్కేటోళ్లను
ఇరవై రెండేండ్ల సంది తిట్టుకుంట వస్తున్నోణ్ణి.

పులి దిక్కు పోను.
ఆడ జనం ఎక్కువ. ఫోన్లు ఎక్కువ.
పైగ, మా తాలూకాల పులిని చూసినమంటే
చెప్పుటానికి ఇంటికి రావాలె కద.

నాకు దుమ్ములగొండి ఇష్టం.
వెనక కాళ్లు కురచ, మెడ మీద నిక్కిన జుట్టు,
ఏదో మరిచినట్టు గోడ దాక పోయి
అది గుర్తుకు రానట్టు మల్ల తిరుగుతది.
ఎవలూ ఆగరు.
ఒకామె పిలగాణ్ణి గుంజుకపోయింది,
"కుక్కనే, నడువ్" అనుకుంట.

దాని పక్క బోను మీద
ఖవల్యా మాంజర్ అని రాసుంటది.
పొలుసుల పిల్లి అన్నట్టు. మన అలుగు.
ఏడు సార్లు పోయిన,
ఏడు సార్లూ దాని తాళాన్నే చూసొచ్చిన.
ఒకసారి గడ్డి కదిలింది.
ఎలుక.

దుర్గం బానయ్య నన్ను చూసి నవ్వుతడు.
వడధం కాడ రాతిబొక్కల షెడ్డుకు వాచ్‌మన్ వాడు.
జూ మొఖం ఎరుగడు.
వాని జంతువు తొడబొక్క ఒక్కటే వానికంటే పొడుగు,
పొద్దుగాల లేచి తడిగుడ్డతోటి తుడుస్తడు
పండుగకు గడప తుడిచినట్టు.
"నీవి బతికుండి పంటయి,
నాది రాయై నడుస్తది" అంటడు.
ఏ రంగుండెరా అంటే మాత్రం
కొంచెం ఆగి, బర్రె రంగు అంటడు.
వాళ్లింట్ల బర్రె ఉన్నది.

నేను చూడనిది గూడ బర్రెనే.
కోలామార్క అడవిబర్రె.
మూడు ఎండకాలాలు సెలవు పెట్టి పోయిన.
మొదటిసారి పేడ.
రెండోసారి ఎవలో చూసిన్రన్న మాట.
మూడోసారి బురదల ఒక గిట్ట,
అండ్ల నీళ్లు, నీళ్లల్ల రెండు కప్పపిల్లలు.
చాలాసేపు వాటినే చూసిన, ఏం చెయ్యాలె.

ఇగ మొన్నటి సంగతి.
సిరొంచల ఐదు గంటల బండి,
రేపనపల్లి ఇంక రాలె, బయట నల్లగ.
మిషన్ల కాగితం చుట్ట ఇరికింది.
తల వంచి గోరుతోటి గీరుతున్న,
ఉయికే డ్రైవర్ బ్రేకు కొట్టిండు.
బండి మొత్తం ఒక్కసారి "హా" అన్నది.
నేను "ఎవని కోడి?" అన్న.

తల ఎత్తేవరకు రోడ్డు ఖాళీ.
పక్కన వెదురు మాత్రం ఊగుతున్నది,
ఎవరో తలుపు తోసుకొని లోపలికి పోయినట్టు.

అటెన్క అహేరి దాక పంచాతి.
అడవిదున్న అని ఉయికే. కాళ్లకు తెల్ల మేజోళ్లు చూసిండట.
కాదు, బర్రె అని మడావి చిన్నుబాయి.
కొమ్ములు చూపిద్దామని చేతులు చాపితే
ఒక చెయ్యి కిటికీల నుంచి బయటికి పోయింది,
ఇంకోటి కిరాణా సేటు నెత్తికి తాకింది.
ఆశ్రమశాల పిలగాడు కండ్లు ఎర్రగున్నయన్నడు.
సేటు, నేను నిద్రపోయిన అన్నడు,
అన్నంక గూడ, పెద్దదే అన్నడు.

నేను అందరి కాడికి పోయిన.
టికెట్ కోసం అనుకున్నరు.
తోక ఎట్లున్నది, ఉరికిందా నడిచిందా,
మన దిక్కు చూసిందా?
చూసింది అన్నది చిన్నుబాయి.
ఎవలి దిక్కు?
డ్రైవర్ దిక్కు చూడలే బిడ్డా,
వెనక నిల్చున్నోని దిక్కు చూసింది.

వెనక నిల్చున్నది నేనే.

అహేరిల దిగుకుంట ఆమె అడిగింది,
"నువ్వు చూసినవ్ కదా?"
చూసిన అన్న.
బండి కదిలినంక చెయ్యి చూసుకుంటే
ఆమెకు ఇయ్యాల్సిన రెండు రూపాయలు
నా పిడికిట్లనే ఉన్నయి, చెమటతోటి.