తిరిగి వచ్చిన తేదీ

లాలాగూడలో మా చర్చి వెనక గదిలో
ఒక ఇనప బీరువా, రెండొందల పుస్తకాలు, ఒక రిజిస్టరు.
ఆదివారం ఆరాధన అయ్యాక గంటసేపు
తాళంచెవి నా చేతిలో ఉంటుంది.

ఆ నవల ఎవరిచ్చారో రాసుకోలేదు.
అందులో యేసు
సీతాఫల్‌మండిలో లోకల్ రైలు దిగుతాడు,
మంగళవారం, వానలో,
చెప్పుల్లేకుండా, టికెట్ లేకుండా.

మొదట తీసుకెళ్లింది సంపూర్ణమ్మగారు, స్త్రీల సమాజం కార్యదర్శి.
నాలుగో రోజుకే తెచ్చి బల్ల మీద పెట్టారు
బల్లిని కాగితంతో పట్టుకొచ్చినట్టు.
"మేఘాల మీద రావాల్సినవాడమ్మా!
ప్లాట్‌ఫారం మీద కాలు జారుతాడా?
లోకమంతా చూడాల్సినవాడు
టీసీకి కూడా కనపళ్లేదని రాశాడు వీడెవడో."
అయినా నూట నలభయ్యో పేజీలో
ఆమె జడపిన్ను దొరికింది నాకు.
అడగలేదు.

బర్నబాసు తాత, వర్క్‌షాపులో ఫిట్టరు చేసి దిగినాయన,
దైవం జోలికి పోనే లేదు.
"ఆ టైముకి ఫలక్‌నుమా బండి లేదు బిడ్డా,
తప్పు రాసిండు."
పేజీ అంచున పెన్సిల్‌తో సరైన టైము వేసి
కింద రెండు గీతలు కొట్టాడు,
ఎవరినో తీసుకురావడానికి స్టేషనుకి పోయేవాడిలా.

గాంధీ ఆస్పత్రిలో రాత్రి డ్యూటీల జెరూషా
మూడుసార్లు గడువు పొడిగించుకుంది.
ఆయన వార్డులోకొచ్చి
ఎవర్నీ బాగుచెయ్యని అధ్యాయం ఒకటుంది.
మంచం కింది పాన్ తీసి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి
తెల్లారేదాకా స్టూలు మీద కూచుంటాడు, అంతే.
అద్భుతమేదీ అని సంపూర్ణమ్మగారు మండిపడిన చోటే
కాగితం తడిసి ఉబ్బి ఉంది.
"ఆ స్టూలు నాకు తెలుసక్కా," అంది జెరూషా.
"దానికో కాలు పొట్టి."

ఇంటర్ చదివే ఏలియా పుస్తకం తిరగేసి
అట్ట మీద బొమ్మని గోటితో గీకాడు.
"ఇంత తెల్లగా ఎందుకున్నాడు?
సరే, తార్నాకలో అద్దెకి గది అడిగితే
పేరు చెప్తాడు.
తర్వాత ఇంటిపేరు అడుగుతారు కదా,
ఏం చెప్తాడు?"
జవాబున్న పుస్తకం కోసం
బీరువా పైఅర నుంచి కిందఅర దాకా చూశాను.

సభ్యత్వం లేని పేరొకటి కూడా ఉంది రిజిస్టర్లో:
నఫీసా, పక్క సందులో టైలరు.
"మా ఇంట్లో కూడా ఎదురుచూస్తరు ఆయన కోసం," అని నవ్వి
జాకెట్టు కొలతల చీటీ గుర్తు పెట్టుకుని పోయింది.
ముప్పై ఆరు, పద్నాలుగున్నర, చేతులు పొట్టి.
ఆ చీటీ ఇంకా నా పర్సులో ఉంది.

ఇక నేను.
చివరి అధ్యాయం చదవలేదు.
అందరూ గుర్తుపట్టేశాక
మళ్లీ ఎటు పంపేస్తారో ఆయన్ని అని.
అంతకు ముందు అధ్యాయంలో
రైల్వే క్వార్టర్ల వెంట తలుపులు తడుతూ వస్తుంటాడు.
ఆ రాత్రి వాన.
ఎన్నో తలుపు దగ్గర ఆగుతాడో అని నేను
ఊపిరి బిగబట్టి చదువుతుంటే
మా తలుపు ఎవరో తట్టారు.
పేజీ వదల్లేకపోయాను.
ఇంకోసారి తట్టి, వెళ్లిపోయారు.
కొరియర్ కుర్రాడై ఉంటాడని పొద్దున పక్కింటివాళ్లన్నారు.
అయ్యుండొచ్చు.
ఆ వారం ఏ పార్సిలూ రాలేదు నాకు.

ఇప్పుడా నవల బీరువాలో లేదు.
జూన్‌లో తీసుకెళ్లినవాళ్ల సంతకం మీద
కిటికీలోంచి జల్లు పడి సిరా అలుక్కుపోయింది.
మూడో గడి, తిరిగి వచ్చిన తేదీ,
ఖాళీ.
రోజుకి రూపాయి జరిమానా.
లెక్క కట్టడం ఎప్పుడో మానేశాను.

దాని చోటు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
పక్క పుస్తకాలు ఆ సందులోకి ఒరుగుతుంటాయి.
ఆదివారం ఆదివారం
చేత్తో నిలబెడతాను.